వెనక నించి చదివినా అదే పేరు: మాక్స్ అబెగ్లెన్ గురించి కాసేపు

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, నేనేం కొట్టను. పోయిన నెల మీటింగ్‌లో మన వాళ్ళు అడిగారు, మీరు ఇన్నేళ్ళ నించి జ్యూరిక్‌లో ఉంటున్నారు కదా, ఫుట్‌బాల్ పిచ్చి కూడా ఉంది కదా, ఏదైనా చెప్పండి అని. సరే అన్నాను. అన్నాక ఇంటికెళ్ళి ఆలోచిస్తే మెస్సీ గురించో రొనాల్డో గురించో మీకు నాకంటే మీ పిల్లలే బాగా చెప్తారు. అందుకని వాళ్ళకి కూడా తెలియని మనిషిని పట్టుకొచ్చాను.

ముందు పిల్లలకి ఒక ప్రశ్న. ముందు నించి చదివినా వెనక నించి చదివినా ఒకేలా ఉండే తెలుగు మాట చెప్పండి. ఆఁ... వికటకవి, అందరూ అదే చెప్తారు, తెనాలి రామకృష్ణుడి పుణ్యమా అని. జలజ కూడా కరెక్టే. సరే, ఇప్పుడు అలాంటి పేరున్న ఫుట్‌బాల్ క్లబ్ చెప్పండి. అదీ ఈ దేశంలోదే. ... చూశారా, మా అబ్బాయి చెయ్యెత్తాడు, వాడికి రిహార్సల్ అయింది లెండి, వాడిది లెక్కలోకి రాదు.

నెషాటెల్ క్సామాక్స్. క్సామాక్స్ అనే మాటని వాళ్ళ లిపిలో రాస్తే ఎక్స్, ఏ, ఎం, ఏ, ఎక్స్. ఎటు నించి చదివినా అదే. ఇదేదో మందుల కంపెనీ పేరులా ఉందే అని నేను ఇక్కడికి వచ్చిన కొత్తల్లో అనుకున్నాను, నిజంగా, యాసిడిటీ టాబ్లెట్ అనుకోండి. తర్వాతెప్పుడో తెలిసింది అదొక మనిషి పేరు అని. మాక్స్ అనే పేరుని తిరగేస్తే క్సామ్. స్నేహితులు అతన్ని క్సామ్ అనే పిలిచేవాళ్ళు. క్సామ్‌నీ మాక్స్‌నీ పక్కపక్కన పెట్టి మధ్యలో ఎం ఒక్కటే ఉంచి అతికిస్తే క్సామాక్స్. ఒక ఆటగాడి ముద్దు పేరు మీద యూరప్‌లో పెద్ద పెద్ద మ్యాచ్‌లు ఆడిన క్లబ్ ఇంకోటి ఉందేమో నాకైతే గుర్తు రావట్లేదు. విచిత్రం ఏంటంటే ఈ దేశంలో ఆ క్లబ్ పేరు తెలియనివాడు ఉండడు, ఆ పేరులో ఉన్న మనిషి ఎవరయ్యా అంటే మా ఆఫీసులో నలుగురిని అడిగితే ముగ్గురు భుజాలెగరేశారు.

ఆయన పూర్తి పేరు మాక్స్ అబెగ్లెన్. 1902లో నెషాటెల్‌లో పుట్టాడు. నెషాటెల్ మీలో చాలామంది చూసే ఉంటారు, ఇక్కడి నించి రైల్లో గంటన్నర, సరస్సు పక్కన పసుపు రంగు రాతి బిల్డింగులు, సుషార్ చాక్లెట్ పుట్టిన ఊరు. ఫ్రెంచ్ మాట్లాడే ఊరు. ఇంటిపేరు చూస్తే మాత్రం జర్మన్ వైపుది. ఈ దేశంలో రెండు భాషల వాళ్ళ మధ్య గీతని సరదాగా రోష్టి కందకం అంటారు కదా, రోష్టి అంటే ఆ బంగాళాదుంప అట్టు, గీతకి అటువైపు వాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోరని. మన దగ్గర గోంగూర పచ్చడి ఎవరిది అని కొట్టుకున్నట్టే. సరే, ఈయన పుట్టడమే ఆ కందకానికి అటు కాలు ఇటు కాలు వేసి పుట్టాడు అన్నమాట.

ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు బంతి వెనకే. జాన్, మాక్స్, ఆండ్రే. ఆండ్రే అందరికంటే చిన్న, 1909లో పుట్టాడు, వాడి ముద్దుపేరు ట్రెల్లో. ఈ ట్రెల్లో గురించి తర్వాత వస్తాను, వాడి కథ వేరే, కొంచెం మనసు బరువెక్కే కథ.

ఊళ్ళో అప్పటికే పెద్ద క్లబ్ ఒకటి ఉంది, కాంటోనల్ నెషాటెల్ అని, 1916లో స్విస్ చాంపియన్లు కూడా అయ్యారు. మాక్స్ అక్కడే ఆడి పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు మోసిన క్సామాక్స్ ఏమో వేరే క్లబ్, చిన్నది. ఆ క్లబ్ లెక్క ప్రకారం అది పుట్టింది 1912లో. 1912 అంటే మాక్స్‌కి పదేళ్ళు! పదేళ్ళ పిల్లాడు మన వీధిలో ఉంటే వాడి క్రికెట్ బాల్ మన కిటికీకి తగలకుండా ఉంటే చాలు అనుకుంటాం.

1922 నవంబర్‌లో బెర్న్‌లో నెదర్లాండ్స్ మీద స్విస్ జాతీయ జట్టుకి మొదటిసారి ఆడాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. మ్యాచ్ 5-0. అందులో మూడు ఈయనవే. మొదటి మ్యాచ్‌లోనే హ్యాట్రిక్ కొట్టేస్తే ఇంకేం కావాలి, మర్నాటి నించి దేశం మొత్తానికి క్సామ్ అంటే ఎవరో తెలిసిపోయింది. తర్వాతి ఏడాది 1923లో జ్యూరిక్‌కి, మన ఊరికే, గ్రాస్‌హాపర్ క్లబ్‌కి వచ్చేశాడు.

గ్రాస్‌హాపర్ అంటే మిడత. క్లబ్‌కి మిడత పేరేంటి అని నన్ను చాలామంది అడుగుతారు, నాకైతే ఆ పేరు విన్నప్పుడల్లా మన మిడతంభొట్లు గుర్తొస్తాడు. 1886లో టామ్ గ్రిఫిత్ అనే ఇంగ్లీష్ స్టూడెంట్ పెట్టిన క్లబ్ అది. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంతా అలాగే వచ్చింది అండి, ఇంగ్లండ్ నించి చదువుకోడానికి వచ్చినవాళ్ళు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, బోర్డింగ్ స్కూళ్ళ పిల్లలు. యూరప్ గడ్డ మీద ఈ ఆట ముందుగా పాకిన చోట్లలో స్విట్జర్లాండ్ ఒకటి. ఎంత ముందుగా అంటే వీళ్ళు ఎగుమతి కూడా చేశారు, 1899లో బార్సిలోనా క్లబ్ పెట్టిన గాంపర్ ఇక్కడి వింటర్‌తూర్‌లో పుట్టినవాడే, జ్యూరిక్ క్లబ్ పెట్టడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. బార్సా జెర్సీ వేసుకు వచ్చిన బాబూ, నువ్వు ఇంటికెళ్ళి మీ నాన్నకి చెప్పు ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. 1924 పారిస్ ఒలింపిక్స్.

మనకి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ అంటే 1956 మెల్‌బోర్న్, హైదరాబాద్ రహీం సాబ్ తయారు చేసిన జట్టు, నాలుగో స్థానం. కానీ 1924 నాటికి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ అంటే ఇంకా పెద్ద సంగతి, ఎందుకంటే వరల్డ్ కప్ అనేదే లేదు, అది 1930లో మొదలైంది. ప్రపంచంలో ఎవరు గొప్ప అని తేలాలంటే అదొక్కటే చోటు. ఉరుగ్వే జెర్సీ మీద నాలుగు నక్షత్రాలు ఉంటాయి గమనించారా, వాళ్ళు గెలిచిన వరల్డ్ కప్‌లు మాత్రం రెండే. మిగతా రెండు నక్షత్రాలు 1924, 1928 ఒలింపిక్స్‌వి. వాళ్ళు ఇప్పటికీ తీయట్లేదు, తీయమన్నా తీయరు.

స్విస్ జట్టుకి అప్పుడు ముగ్గురు గురువులు. టెడ్డీ డక్‌వర్త్, జిమ్మీ హోగన్, ఇద్దరూ ఇంగ్లీష్ వాళ్ళు, మూడోవాడు హంగేరీ నించి వచ్చిన ఇజిడోర్ కుర్ష్‌నర్, అందరూ డోరీ అనేవాళ్ళు. హోగన్ పేరు ఫుట్‌బాల్ చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు, బంతిని గాల్లోకి తన్ని దాని వెంట పరిగెత్తడం కాదురా నేల మీద పాసులు ఇచ్చుకుంటూ ఆడండి అని మధ్య యూరప్ మొత్తానికి నేర్పినవాడు. కుర్ష్‌నర్ తర్వాత ఇక్కడే గ్రాస్‌హాపర్‌కి 1925 నించి 1934 దాకా కోచ్‌గా ఉన్నాడు, అంటే మన క్సామ్ మంచి వయసంతా ఈయన చేతి కింద గడిచింది. అక్కడి నించి 1937లో బ్రెజిల్ వెళ్ళి ఫ్లమెంగోకి కోచింగ్ ఇచ్చాడు, యూరప్ పద్ధతులు బ్రెజిల్‌కి మోసుకెళ్ళిన తొలి వాళ్ళలో ఆయన ఒకడు, రియోలోనే 1941లో పోయాడు. ఆయన గురించే ఒక రోజు విడిగా చెప్పాలి, ఈ రోజు వద్దు.

ఇంత మంది గురువులు ఉన్నా సరే స్విస్ వాళ్ళకి తమ జట్టు మీద పెద్ద నమ్మకం లేదు. ఎంత లేదంటే, పారిస్‌కి వెళ్ళి రావడానికి కొన్న రైలు టికెట్లు పది రోజుల వరకే చెల్లుతాయి! ఈ పద్ధతి మనకి బాగా తెలుసు కదా. సంబంధం చూడ్డానికి వెళ్తూ, కుదరదులే, సాయంత్రం బస్సుకి వచ్చేద్దాం అని రిటర్న్ టికెట్ తీసుకుని వెళ్ళినట్టు. పోనీ ఇక్కడివాళ్ళ లెక్క తప్పని కూడా అనలేం, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, ఫ్రాంకులు ఎందుకు వేస్ట్ చెయ్యడం.

మే 25న మొదటి మ్యాచ్ లిథువేనియాతో. 9-0. స్టుర్‌జెనెగర్ అనే కుర్రాడు నాలుగు కొట్టాడు, అబెగ్లెన్ మూడు. సరే, లిథువేనియా అప్పుడే నడక నేర్చుకుంటున్న జట్టు, దాన్ని కొట్టడం గొప్ప కాదు అనుకున్నారు. మూడు రోజుల తర్వాత చెకొస్లొవేకియా, అది గట్టి జట్టు, 1-1. అప్పట్లో పెనాల్టీ షూటౌట్లు లేవు కదా, డ్రా అయితే మళ్ళీ మొత్తం ఆడాల్సిందే. రెండు రోజులు ఆగి మే 30న మళ్ళీ ఆడారు, 1-0తో స్విస్ గెలిచింది. జూన్ 2న ఇటలీ. 2-1. స్టుర్‌జెనెగర్ ఒకటి, మన క్సామ్ ఒకటి. అంటే సెమీఫైనల్‌కి వచ్చేశారు.

ఇక్కడ చూడండి తమాషా. సెమీఫైనల్ జూన్ 5న. పది రోజుల టికెట్ గడువు ముగిసిపోయింది. చేతిలో డబ్బులు కూడా అయిపోయాయి, అన్ని రోజులు పారిస్‌లో పడుకోడానికి తినడానికి ఎవడూ బడ్జెట్ వెయ్యలేదు మరి. అప్పుడు ఇక్కడ జ్యూరిక్‌లో స్పోర్ట్ అనే పేపర్ వాళ్ళు జనాన్ని చందాలు అడిగారు. మన కుర్రాళ్ళు గెలుస్తున్నారు, వాళ్ళని అక్కడ ఉంచడానికి తలా కొంచెం వెయ్యండి అని. జనం వేశారు. నాకు ఈ మొత్తం కథలో గోల్స్ కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. ప్రపంచంలో డబ్బున్న దేశం ఏది అంటే ఇవాళ చిన్న పిల్లాడు కూడా స్విట్జర్లాండ్ అంటాడు, ఆ దేశం జట్టు వినాయక చవితి చందాల్లాగా వసూలు చేసిన డబ్బుతో ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడింది.

ఆ సెమీఫైనల్ స్వీడన్‌తో. ఆ స్వీడన్ మొదట్లోనే 1920 చాంపియన్ బెల్జియంని 8-1తో చితక్కొట్టి వచ్చిన జట్టు. ఎనిమిది-ఒకటి. వాళ్ళ మీద స్విస్ 2-1తో గెలిచింది. రెండు గోల్స్ ఎవరు కొట్టారో నేను చెప్పాలా? ఒకటి పదిహేనో నిమిషంలో, రెండోది 77వ నిమిషంలో. ఆ ఒక్క సాయంత్రంతో చందా వేసిన ప్రతివాడి డబ్బులు చెల్లు అయిపోయాయి.

జూన్ 9, కొలొంబ్ స్టేడియం, ఫైనల్. ఎదురుగా ఉరుగ్వే. సముద్రం దాటి వచ్చిన జట్టు, అప్పటిదాకా యూరప్ వాళ్ళు ఇలాంటి ఆట కళ్ళతో చూళ్ళేదు, యుగోస్లేవియాని 7-0, ఫ్రాన్స్‌ని వాళ్ళ ఊళ్ళోనే 5-1. ఆండ్రాడే అనే నల్లజాతి హాఫ్‌బ్యాక్ ఉండేవాడు, పారిస్ మొత్తం ఆయన వెనకే తిరిగింది. మైదానంలో దాదాపు నలభై వేల మంది, లోపలికి రాలేక బయట ఉండిపోయినవాళ్ళు ఇంకా వేల మంది. తొమ్మిదో నిమిషంలోనే పెట్రోనే కొట్టాడు. తర్వాత గంట పాటు స్విస్ వాళ్ళు గట్టిగానే నిలబడ్డారు, స్కోర్ 1-0నే. 65వ నిమిషంలో సెయా, 82లో రొమానో. 3-0. మన క్సామ్‌కి ఆ రోజు ఒక్కటీ పడలేదు. మ్యాచ్ అయ్యాక ఉరుగ్వే వాళ్ళు మైదానం చుట్టూ తిరిగి జనానికి చేతులూపారు, ఇవాళ కప్పు గెలిచిన ప్రతి జట్టూ తిరిగే రౌండ్ ఆ రోజు మొదలైందనే చెప్తారు, స్పానిష్‌లో దాన్ని ఇప్పటికీ ఒలింపిక్ రౌండ్ అనే అంటారు. ఆ మొదటి రౌండ్‌ని పక్కన నిలబడి చూసిన పదకొండు మందిలో ఈయన ఒకడు.

పదహారు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు. సబ్‌స్టిట్యూట్లు లేరు, దెబ్బ తగిలితే కుంటుకుంటూ ఆడటమే. స్విస్ మొత్తం 15 గోల్స్ కొడితే అందులో 6 అబెగ్లెన్‌వి. వెండి పతకం. స్విస్ మగవాళ్ళ ఫుట్‌బాల్‌కి ఒలింపిక్స్‌లో ఇప్పటిదాకా ఉన్నది ఆ ఒక్క మెడలే. యూరప్ జట్లలో పైన నిలిచింది వీళ్ళే కాబట్టి అనధికారికంగా యూరప్ చాంపియన్లు అని కూడా పేపర్లు రాసుకున్నాయి, రాసుకోనివ్వండి, తప్పేముంది.

నాలుగేళ్ళ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి మళ్ళీ వెళ్ళారు, మొదటి మ్యాచ్‌లోనే జర్మనీ చేతిలో 4-0. ఈసారి పది రోజుల టికెట్ సరిపోయేది.

ఇప్పుడు కొంచెం ఆట గురించి మాట్లాడదాం, ఎందుకంటే స్ట్రైకర్ స్ట్రైకర్ అంటున్నాం గానీ అప్పుడు ఆట ఇలా ఉండేది కాదు. వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు. అవును, అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఇప్పటి కోచ్‌కి చూపిస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఆ అయిదుగురిలో రెండు చివర్లలో వింగర్లు, నడి మధ్యలో సెంటర్ ఫార్వర్డ్, వాళ్ళ మధ్య సందుల్లో ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు. అబెగ్లెన్ ఈ ఇన్‌సైడ్ స్థానం వాడు. అంటే గోల్ ముందు కాచుకు కూర్చునేవాడు కాదు, కొంచెం వెనక్కి వచ్చి బంతి తీసుకోవాలి, పాస్ ఇవ్వాలి, మళ్ళీ ముందుకి పోయి తనే కొట్టాలి. వంట చేసేదీ వడ్డించేదీ ఒకడే. అలాంటి చోట ఉండి అన్ని గోల్స్ కొట్టాడంటే అదీ లెక్క.

ఇంకో సంగతి. 1924లో ఆఫ్‌సైడ్ రూల్ వేరు. ఇప్పుడు ముందుకి పాస్ ఇస్తే, తీసుకునేవాడికీ గోల్ లైన్‌కీ మధ్య అవతలి జట్టువాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి, గోలీతో కలిపి. అప్పుడు ముగ్గురు ఉండాలి. అంటే వెనకున్న ఇద్దరు బ్యాక్‌లలో ఒకడు తెలివిగా నాలుగు అడుగులు ముందుకి వచ్చేస్తే చాలు, ఎదుటి ఫార్వర్డ్‌లంతా ఆఫ్‌సైడే, ఈల, ఈల, ఈల. 1925లో ఆ ముగ్గుర్ని ఇద్దరు చేశారు. దెబ్బకి ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో ఒక్క సీజన్‌లో గోల్స్ 1192 నించి 1703కి ఎగిరాయి, అన్నే మ్యాచ్‌లకి. నేనెందుకు ఇది చెప్తున్నానంటే, ఒలింపిక్స్‌లో ఈయన కొట్టిన ఆరూ, నెదర్లాండ్స్ మీద మొదటి హ్యాట్రిక్కూ, అన్నీ పాత రూల్ కింద కొట్టినవి. రూల్ మారాక ఇంకో పన్నెండేళ్ళు ఆడాడు, కొత్త రూల్‌కీ సర్దుకున్నాడు. రూల్ మారితే చాలామందికి ఆట పోతుంది, ఈయనకి పోలేదు.

క్లబ్‌లో అయితే పంటే. గ్రాస్‌హాపర్ 1927, 1928, 1931, 1937లో లీగ్ చాంపియన్. స్విస్ కప్ అనేది 1925-26లో మొదలైతే మొదటి కప్పే వీళ్ళది, తర్వాత 1927, 1932, 1934, 1937. ఆఖరిది, 1937 ఫైనల్, లోజాన్ మీద 10-0. ఫైనల్ అండి! పది-సున్నా! లోజాన్ గోలీ ఆ రాత్రి ఎలా నిద్రపోయాడో. అప్పటి లీగ్ కూడా ఇప్పటిలా అందరూ అందరితో ఆడేది కాదు, తూర్పు, మధ్య, పడమర అని మూడు గ్రూపులుగా ఆడి, పైన తేలినవాళ్ళు మళ్ళీ ఫైనల్ రౌండ్ ఆడేవాళ్ళు, ఒకే లీగ్ తర్వాత 1933లో వచ్చింది. 1929 నించి వాళ్ళు ఆడింది హార్డ్‌టుర్మ్ మైదానంలో. మనలో ఎషర్ విస్ వైపు ఉండేవాళ్ళు రోజూ ట్రామ్‌లో ఆ స్థలం పక్కనించే వెళ్తారు. 2007లో మూసేశారు, తర్వాత పడగొట్టారు, కొత్తది కట్టాలని ఓటింగులు అవుతాయి, గెలుస్తాయి, మళ్ళీ ఎవరో అభ్యంతరం పెడతారు, ఏళ్ళ తరబడి ఇదే వరస. పనులు నత్తనడక నడిచేది మన దగ్గర ఒక్కటే అనుకునేవాళ్ళం కదా, ఆ స్థలం చూశాక నాకు కొంచెం ఊరట. మిడతలు ఇప్పుడు లెట్సిగ్రుండ్‌లో, అంటే తమ ప్రత్యర్థి జ్యూరిక్ క్లబ్ ఇంట్లో, అద్దెకున్నట్టు ఆడుతున్నారు.

జాతీయ జట్టుకి ఈయన లెక్క 68 మ్యాచ్‌లు, 34 గోల్స్. రెండు మ్యాచ్‌లకి ఒక గోల్. వినడానికి మామూలుగా ఉంది కదా. కానీ ఎవరి మీద, ఎలాంటి జట్టులో ఉండి, అది చూడాలి. 1927 నించి మధ్య యూరప్ దేశాలకి ఒక టోర్నీ ఉండేది, ఆస్ట్రియా, హంగేరీ, చెకొస్లొవేకియా, ఇటలీ, స్విట్జర్లాండ్. అప్పటి యూరప్‌లో గట్టివాళ్ళు నలుగురూ, వాళ్ళ మధ్య వీళ్ళూ. పూర్తిగా జరిగిన మొదటి మూడు టోర్నీల్లోనూ స్విస్ ఆఖరే. 1931 నవంబర్‌లో వండర్‌టీమ్ అని పేరుపడ్డ ఆస్ట్రియా జట్టు బాసెల్‌కి వచ్చి 8-1 కొట్టి పోయింది. అలా వారం వారం ఇంటి మీద రాళ్ళు పడుతున్న జట్టులో ఉండి సగటున రెండు మ్యాచ్‌లకి ఒకటి కొట్టడం అంటే, నా దృష్టిలో గెలిచే జట్టులో ఉండి కొట్టినదానికి రెట్టింపు వెయ్యాలి. దీని మీద నాతో వాదించేవాళ్ళు టీ టైమ్‌లో రండి.

ఆ 34 రికార్డు ఎన్నాళ్ళు ఉందో తెలుసా? ఆయన 1937లో ఆపేశాడు. 2001లో కుబిలాయ్ తుర్క్‌యిల్మాజ్ 34 దగ్గరికి వచ్చి సమానం చేసి ఆగిపోయాడు. దాటింది అలెగ్జాండర్ ఫ్రై, 2008 మే 30న లిక్టెన్‌స్టైన్ మీద. అంటే 71 ఏళ్ళు. ఒక ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది, ఈ దేశంలో ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది, అది కూడా 1971లో లెండి, ఆ సిగ్గు కథ ఇంకోసారి, మనిషి చంద్రుడి మీద దిగాడు, ఆ 34 మాత్రం అక్కడే ఉంది. ఇంకో తమాషా, ఫ్రై రిటైర్ అయ్యేసరికి ఆయన లెక్క 84 మ్యాచ్‌లు, 42 గోల్స్. భాగించి చూడండి. సరిగ్గా మళ్ళీ రెండుకి ఒకటి! నేను రాత్రి పదకొండింటికి కాలిక్యులేటర్‌లో కొట్టి చూసి మా ఆవిడని లేపబోయాను, తిట్టింది.

మరి వరల్డ్ కప్ ఏమైంది అని అడుగుతారు. 1930లో ఉరుగ్వేకి స్విస్ వెళ్ళలేదు, ఓడలో వారాల తరబడి ప్రయాణం, యూరప్ నించి వెళ్ళిందే నాలుగు జట్లు. 1934 ఇటలీ వరల్డ్ కప్‌లో స్కోర్ షీట్‌లో అబెగ్లెన్ అని కనిపిస్తుంది, చాలామంది పొరబడతారు, అది ఈయన కాదు, తమ్ముడు ఆండ్రే. ఆ టోర్నీలో స్విస్ హీరో ఇంకొకడు, కీల్‌హోల్జ్ అని, కళ్ళజోడు పెట్టుకుని ఆడేవాడు! కళ్ళజోడుతోనే రెండు మ్యాచ్‌లలో మూడు గోల్స్. ఫోటోలు చూస్తే ఎవరో లెక్కల మాస్టారు దారి తప్పి గ్రౌండ్‌లోకి వచ్చినట్టు ఉంటాడు. నాకు భలే ఇష్టం ఆయనంటే.

తమ్ముడి సంగతి చెప్తానన్నాను. ట్రెల్లో ఫ్రాన్స్ వెళ్ళి సోషోలో ఆడాడు, ప్యూజో కార్ల ఫ్యాక్టరీ వాళ్ళ క్లబ్ అది. 1935లో లీగ్ గెలిచారు, ఆ సీజన్‌లో 30 గోల్స్‌తో ఫ్రాన్స్‌లో టాప్ స్కోరర్ వీడే. 1938లో మళ్ళీ లీగ్. అదే వేసవి పారిస్‌లో వరల్డ్ కప్, మొదటి మ్యాచ్ స్విట్జర్లాండ్, జర్మనీ. అప్పుడే మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాడు, ఆస్ట్రియా ఆటగాళ్ళని కూడా జర్మనీ జట్టులో కలిపేశారు. ఇటు స్విస్ కోచ్ ఎవరు? కార్ల్ రాప్పన్, వియెన్నా మనిషి! గ్రాస్‌హాపర్‌కీ ఆయనే కోచ్. బలమైన జట్టుని ఎదుర్కోడానికి వెనక గొళ్ళెం వేసినట్టు డిఫెన్స్ పెట్టే పద్ధతి ఆయనది, తర్వాత ఇటలీ వాళ్ళు దాన్నే పట్టుకుని పెద్దది చేశారు. మొదటి మ్యాచ్ 1-1, స్విస్ గోల్ ట్రెల్లోది. జూన్ 9న మళ్ళీ ఆడారు. జర్మనీ 22 నిమిషాల్లో 2-0, అందులో ఒకటి మనవాళ్ళే సొంత గోల్‌లో కొట్టుకున్నది. అయిపోయింది అనుకున్నారు. హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు వాలాషెక్ ఒకటి, తర్వాత బికెల్ ఒకటి, ఆపైన 75, 78 నిమిషాల్లో ట్రెల్లో రెండు. 4-2. స్విస్ ఫుట్‌బాల్‌లో అంతకంటే పెద్ద విజయం ఉందని ఇక్కడి ముసలివాళ్ళు ఒప్పుకోరు. తేదీ గమనించారా? జూన్ 9. పద్నాలుగేళ్ళ క్రితం అదే తేదీన, అదే పారిస్‌లో, అన్న ఉరుగ్వే చేతిలో ఫైనల్ ఓడింది. అన్న అప్పటికి ఏడాది క్రితమే జాతీయ జట్టు నించి తప్పుకున్నాడు.

ట్రెల్లో 1944లో రైలు ప్రమాదంలో పోయాడు. ముప్ఫై అయిదేళ్ళు. అన్న పక్కన రైలు టికెట్ కథ, తమ్ముడి పక్కన ఇది. నేను దాని గురించి ఇంకేం మాట్లాడలేను.

మాక్స్ మాత్రం 1970 దాకా ఉన్నాడు, జెర్మాట్‌లో పోయాడు, మ్యాటర్‌హార్న్ కొండ కింద. అదే 1970లో ఏం జరిగిందంటే, నెషాటెల్‌లో ఆయన ఆడిన పెద్ద క్లబ్ కాంటోనల్, ఆయన పేరున్న చిన్న క్లబ్ క్సామాక్స్, రెండూ కలిసిపోయి నెషాటెల్ క్సామాక్స్ అయ్యాయి. కలిశాక నిలబడింది ఏ పేరు? చాంపియన్‌షిప్ గెలిచిన కాంటోనల్ పేరు మాయమైంది, తిరగేసిన ముద్దుపేరు మిగిలింది.

తర్వాత ఆ పేరుకి మంచి రోజులు వచ్చాయి. 1987లో, 1988లో స్విస్ చాంపియన్లు. యూరోపియన్ కప్‌లో బయర్న్ మ్యూనిక్‌ని ఇంట్లో 2-1తో ఓడించారు. 1991లో స్కాట్లండ్ సెల్టిక్ మీద 5-1, అందులో నాలుగు ఈజిప్ట్ హొస్సాం హసన్ కొట్టాడు, అప్పుడు కోచ్ ఎవరనుకున్నారు, రాయ్ హోడ్జ్‌సన్, తర్వాత ఇంగ్లండ్ కోచ్ అయిన ఆయనే. ఆ తర్వాత చెడ్డ రోజులు కూడా. 2011లో చెచెన్యా నించి చగాయెవ్ అనే ఆయన క్లబ్ కొన్నాడు, కోచ్‌లు వారాల్లో మారిపోయారు, జీతాలు ఆగాయి, 2012 జనవరిలో దివాళా. లైసెన్స్ పోయింది. ఊళ్ళో వాళ్ళు మళ్ళీ కింది డివిజన్ల నించి మొదలుపెట్టారు, అప్పుడు క్లబ్‌కి పెట్టుకున్న పేరు నెషాటెల్ క్సామాక్స్ 1912. అన్నీ పోయినా ఆ పేరు మాత్రం వదల్లేదు, పక్కన పుట్టిన సంవత్సరం కూడా తగిలించారు, ఎవడైనా మళ్ళీ మర్చిపోతాడేమో అని.

పోయిన వేసవిలో నేనూ మా అబ్బాయీ అక్కడి మలాడియేర్ స్టేడియంకి వెళ్ళాం. 2007లో కట్టింది, పన్నెండు వేల మంది పడతారు, దాని కింద పెద్ద షాపింగ్ సెంటర్. నిజంగా, కింద కోప్‌లో పాలూ గుడ్లూ కొనుక్కుని పైకెళితే గ్రౌండ్. మావాడు బయట గోడ మీద క్లబ్ పేరు ముందు నించి ఒకసారి, వెనక నించి ఒకసారి చదివాడు. తర్వాత తన పేరు తిరగేసి చూసుకున్నాడు, ఏదో బూతు మాటలా వచ్చింది, దారి పొడుగునా రైల్లో అదే నవ్వు. అదేంటో చెప్పను, పక్కన వాళ్ళ అమ్మ కూర్చుంది.

ప్రశ్నలుంటే అడగండి. కీల్‌హోల్జ్ కళ్ళజోడు ఎలా ఊడిపోకుండా ఉండేది అని మాత్రం అడక్కండి, నేను కూడా అదే వెతుకుతున్నాను.